చెరువు కట్ట మీద శాసనం, రెండు వీరగల్లులు, ఒక పాటిగడ్డ: 2 లక్షలతోని ఊరికి అక్కరకొచ్చేటట్టు ఏం చెయ్యాలె?

కట్టమీది_వేప

అందరికీ నమస్తే. మాది ములుగుకు, భూపాలపల్లికి నడుమ ఉన్న ఊరు. పేరు కావాలనే రాస్తలేను, గుప్తనిధులోళ్ల సంగతి మీకు తెల్వనిది కాదు.

చెరువు తూము పక్కన ఒక నిలువు శాసనం ఉన్నది. ఛాతీ ఎత్తు. పైన సూర్యచంద్రులు, కింద మూడు దిక్కుల అక్షరాలు. అడుగు భాగం మట్టిల కూరుకపోయింది. కట్ట దిగువన వేపచెట్టు కింద రెండు వీరగల్లులు, అంటే పోరుల పడ్డ వీరుల యాదికి చెక్కిన రాళ్లు. ఒకటి నిలబడే ఉన్నది, పసుపు రాసి నూనె పోస్తరు. రెండోది బోర్ల పడ్డది, దాని వీపు మీద బట్టలుతుకుతరు. ఇగ ఊరి వెనక పాటిగడ్డ, అంటే పాతకాలపు ఊరు పూడిపోయిన దిబ్బ. వాన పడితే ఎర్ర పెంకులు, నల్ల పెంకులు, అప్పుడప్పుడు పూసలు తేలుతయి. ఎండకాలం ఆ పాటిమన్ను ట్రాక్టర్లతోని పొలాలకు కొడతరు.

యూత్, మహిళా సంఘాలు కలిసి 2 లక్షలు జమ చేసినం. ఊర్లె మూడు మాటలు నడుస్తున్నయి. రాళ్లన్నీ గుడి ముందటికి తెచ్చి సిమెంటు గద్దె కట్టి, రేకుల షెడ్డు వేసి, బంగారు రంగు కొడదామని పెద్దలు. మ్యూజియానికి ఇచ్చేద్దామని ఇంకొందరు. ఉన్నకాడ ఉంటే ఎవడు చూడొస్తడు అని మిగిలినోళ్లు. రామప్ప గుడి మాకు దగ్గర్లనే ఉన్నది, కార్లన్నీ మా రోడ్డు మీదికెళ్లే పోతయి కానీ ఒక్కటి ఆగదు.

ముందు ఏం చెయ్యాలె? చట్టం ఏమంటది? ఊరికి నిజంగ నాలుగు పైసలు వస్తయా? తెలిసినోళ్లు చెప్పండి.

---

శకవర్షం

ముందు చేయాల్సింది ఏదీ కదపకుండా ఉండడం. తూము పక్కన నిలబెట్టిన శాసనం చాలావరకు ఆ చెరువు గురించే మాట్లాడుతుంది: ఎవరు తవ్వించారు, ఏ తూము కింద ఎంత మడి ఎవరికి ఇచ్చారు, నీటి వంతు ఎవరిది. దాన్ని గుడి ముందుకు తెచ్చారంటే నూరేళ్ల తర్వాత చదివేవాడు ‘ఈ చెరువు’ అన్న మాట చూసి ఏ చెరువని వెతకాలి? వీరగల్లు కూడా అంతే. పోరు జరిగిన చోటో, ఊరి పొలిమేరో, పశువుల దారో దానికి చిరునామా.

రెండో పని నమోదు. ఒక నోటుబుక్కు, టేపు, ఫోను చాలు. ప్రతి రాయికి ఒక నంబరు ఇవ్వండి (కాగితం మీద, రాయి మీద రాయొద్దు). ఎత్తు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో, ముఖం ఏ దిక్కుకు ఉంది, తూము నుంచి ఎన్ని మీటర్లు, సర్వే నంబరు, ఊళ్లో దాన్ని ఏమని పిలుస్తారు. ఆ చివరిది అందరూ వదిలేస్తారు, అది రాయకపోతే ఒక తరం దాటాక దొరకదు.

ఫొటోకు మధ్యాహ్నం ఎండ పనికిరాదు, అరిగిన అక్షరాలు చదునుగా పడతాయి. పొద్దుగూకాక ఫోన్‌ను స్టాండు మీద కదలకుండా పెట్టి, టార్చి లైటును రాయికి దాదాపు ఆనించినట్టు పక్క నుంచి కొట్టండి. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి, పై నుంచి, కింది నుంచి. ఒక వైపు వెలుగులో ‘ప’లా కనిపించింది ఇంకో వైపు వెలుగులో ‘వ’ అని తేలడం మామూలే. పక్కన స్కేలు పెట్టండి. నిలబడ్డ వీరగల్లుకు త్రీడీ నమూనా కావాలంటే మబ్బు పట్టిన రోజు చుట్టూ తిరుగుతూ 60 నుంచి 80 ఫొటోలు తీయండి, ప్రతి ఫొటో ముందుదానితో మూడింట రెండు వంతులు కలవాలి. ఉచిత సాఫ్ట్‌వేర్లే సరిపోతాయి.

అక్షరాల్లో సుద్దముక్క, పిండి, ముగ్గు నింపడం అసలు వద్దు. నింపినవాడు ఏమనుకున్నాడో అదే ఫొటోలో పడుతుంది, తర్వాత అందరూ ఆ తప్పునే చదువుతారు. ఇనుప బ్రష్షు, యాసిడ్, చాకు ముట్టొద్దు. మెత్తటి కొబ్బరి పీచు, మంచినీళ్లు చాలు. నాచు గట్టిగా పట్టి ఉంటే గోకకండి, వదిలేయండి.

సరైన నకలు తీసేది పురావస్తు శాఖ శాసన విభాగం వాళ్లు. మెత్తటి మందపాటి కాగితాన్ని తడిపి రాయికి పరిచి, బ్రష్షుతో కొట్టి అక్షరాల్లోకి దింపి, కాస్త ఆరాక సిరా అద్దుతారు. నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. పెచ్చులూడే రాయి మీద ఈ పని మీరు ప్రయత్నిస్తే కాగితంతో పాటు రాయి పొర కూడా ఊడొస్తుంది. మట్టిలో కూరుకుపోయిన భాగాన్ని కూడా వాళ్లు వచ్చేదాకా తవ్వకండి.

శక సంవత్సరం కనిపిస్తే 78 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. రామప్ప శాసనంలో శక 1135, అంటే 1213. అయితే పుష్య మాసం నడుమ నుంచి ఫాల్గుణం దాకా పడితే 79 కలపాలి. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం శక 1084 మాఘమాసం, అందుకే 1163 జనవరి అయింది. వాట్సాప్‌లో తిరిగే ‘కొత్త శాసనం దొరికింది’ పోస్టుల్లో సగం తప్పులు ఇక్కడే. ఇంకోటి, ‘కొత్తది’ అని పేపరుకు చెప్పే ముందు జిల్లాల వారీ శాసన సంపుటాల్లో చూడండి. పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో చాలా ఊళ్ల శాసనాలు ఎప్పుడో అచ్చయ్యాయి. కాకతీయ విశ్వవిద్యాలయం చరిత్ర విభాగంలో అడిగితే చూపిస్తారు.

---

ఫైలు_కదిలిందా

చట్టం సంగతి. రక్షిత కట్టడానికి 100 మీటర్ల దాకా నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతితో కట్టుకోవడం అనేది కేంద్ర రక్షిత కట్టడాల నియమం. ఏ రక్షిత జాబితాలోనూ లేని రాయి పక్కన ఆ భయం లేదు. ఉన్నచోట మాత్రం కొలత గుడి గోడ నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి. నిషేధ ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇళ్ల మరమ్మతుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ‘వారసత్వం అంటే మన ఇళ్లు పోతయి’ అనే మాట గ్రామసభలో తప్పకుండా లేస్తుంది కాబట్టి ఇది ముందే తెలిసి ఉండండి.

1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పం, శాసనం, నాణెం అన్నీ పురావస్తువులే. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు.

పాటిగడ్డ మీద అసలు చిక్కు 1878 నాటి నిధుల చట్టం. నేలలో దొరికింది 10 రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే ఏడాది దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. ట్రాక్టరు డ్రైవరుకు దొరికిన నాలుగు నాణేలు కూడా దీని కిందికే వస్తాయి. తహసీల్దారు ఆఫీసులో అర్జీ ఇచ్చి పావతి తీసుకోండి. పావతి లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

‘మనమే ఒక మూల తవ్వి చూద్దాం’ అనే ఉత్సాహం ఎవరికైనా ఉంటే ఇప్పుడే ఆపండి. లైసెన్సు లేని తవ్వకం నేరం. పైగా పాటిగడ్డ విలువ పొరల్లో ఉంటుంది. ఏ పెంకు ఏ పొరలో, దేని పక్కన ఉందో తెలిస్తేనే కాలం చెప్పగలరు. పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల మనకు శాతవాహనుల కాలాన్ని చూపించాయంటే కారణం అక్కడ పొర పొరగా తవ్వి రాసుకోవడమే. జేసీబీ ఒక్క పూటలో వెయ్యేళ్లు కలిపేస్తుంది.

పాటిగడ్డ పట్టా భూమి అయితే రైతును నేరస్తుడిలా చూడొద్దు. నాగలి దున్నుకోవడానికి అడ్డు చెప్పకండి, మట్టి ఎత్తడం మాత్రం ఆపమనండి. పాటిమన్ను బలం కోసమే కదా తీసేది. మేలో చెరువు పూడిక ఆ రైతులకే ముందు వచ్చేటట్టు గ్రామసభ తీర్మానంలో రాయించండి. బదులు ఇవ్వకుండా ఆపమంటే రాత్రి పూట తీస్తారు. తీర్మానంలో సర్వే నంబరు, విస్తీర్ణం, ‘యంత్రంతో మట్టి తీయరాదు’ అన్న వాక్యం, మూడూ ఉండాలి.

---

పాటిమన్ను

అన్నా, ఇవన్నీ పుస్తకం మాటలు. ఉన్నచోట ఉంచితే ఒకరోజు పొద్దున చూసేసరికి రాయి ఉండదు, దాని కింద గొయ్యి ఉంటది. మ్యూజియానికి ఇచ్చుడే మేలు.

---

శకవర్షం

భయం నిజమే. కానీ ఒక పద్ధతి ఉంది. ఇద్దరు మోయగలిగే చిన్న విడి శిల్పాలు, నంది, విరిగిన తలలు ఉంటే వాటిని పంచనామా రాయించి శాఖకు అప్పగించండి. 400 కిలోల వీరగల్లును ఎవరూ సంకన పెట్టుకుపోరు, దాని కింద తవ్వుతారు అంతే.

ఎందుకు తవ్వుతారంటే సూర్యచంద్రులు, పాము, ఆవు బొమ్మలు నిధికి గుర్తులని నమ్ముతారు కాబట్టి. నిజానికి సూర్యచంద్రులు చెక్కింది ‘ఆ రెండూ ఉన్నంత కాలం ఈ దానం నిలవాలి’ అని. అందుకే శాసనం చదివించాక మొత్తం భావం తేట తెలుగులో, అచ్చంగా అదే రాయి పక్కన బోర్డు మీద పెట్టండి. ‘ఇందులో ఉన్నది ఇన్ని మర్తురుల (పాతకాలపు భూమి కొలత) లెక్క’ అని ఊరంతా చదివాక నిధి పుకారుకు పస తగ్గుతుంది. బోర్డు మీద ‘అతి ప్రాచీన రహస్య శాసనం’ లాంటి మాట రాశారో, గడ్డపారలను మీరే పిలిచినట్టు. ఇంటర్నెట్‌లో జీపీఎస్ గుర్తు పెట్టకండి. అన్ని వైపుల ఫొటోలు, విరుపులు దగ్గరగా తీసినవి, కొలతలు పంచాయతీలో ఒకటి, ఠాణాలో ఒకటి ఉంచండి. దొంగతనం అయ్యాక ‘ఇది మాదే’ అని రుజువు చేసేది ఆ విరుపు ఫొటోనే.

---

డంగుసున్నం

రాయి పని గురించి నేను చెప్తాను, పొడుగవుతుంది.

పడ్డ వీరగల్లు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 8 అంగుళాల మందం అనుకుందాం. ఘనపు మీటరుకు 2.7 టన్నుల లెక్కన దాదాపు 400 కిలోలు. పదిమంది పోరగాళ్లు గడ్డపారలతో లేపుతామంటే ఒప్పుకోకండి. గడ్డపార మొన పడ్డచోట అంచు పగులుతుంది, లేకపోతే కాలు పోతుంది. శాఖ అనుమతి కాగితం వచ్చాక మూడుకాళ్ల స్టాండు, ఒక టన్ను చైన్ పుల్లీ, రెండు వెడల్పాటి నైలాన్ బెల్టులు తెప్పించండి. ఇనుప తాడు వద్దు, కోస్తుంది. బెల్టు కింద గోనె సంచులు మడిచి పెట్టాలి. బోర్ల పడ్డది కాబట్టి చెక్కిన ముఖం కిందే ఉంది, అది మీ అదృష్టం, నూరేళ్ల ఎండావానా తగల్లేదు. కాబట్టి లాగొద్దు, నేల మీద ఈడ్చొద్దు. నేరుగా పైకి లేవాలి.

నిలబెట్టేటప్పుడు పాత గుంతలోనే నిలబెట్టాలి. పొడవులో నాలుగో వంతు, వీలైతే మూడో వంతు భూమిలోకి పోవాలి. అడుగున కంకర, చుట్టూ రాతి ముక్కలు, ఇసుక, తడుపుతూ దిమ్మిస కొడుతూ నింపండి. చాలు. ‘రామప్పలాగా శాండ్‌బాక్స్ (గుడి కింద ఇసుక నింపిన పునాది) వేద్దాం’ అని ఎవరో ఒకరు అంటారు. ఒక్క రాయికి అంత హంగు అక్కర్లేదు, దిమ్మిస కొట్టిన ఇసుకే దానికి చిన్న చుట్టం.

సిమెంటు ఎందుకు వద్దంటున్నానంటే, అది పాత రాయికంటే గట్టిది, తేమను బయటికి పోనివ్వదు. నేల తేమ రాయిలోకి ఎక్కి, సిమెంటు అంచు పైన ఆరుతుంది. అక్కడే ఉప్పు పేరుకుని రాయి పొరలు పొరలుగా రాలుతుంది. ఇసుకరాయి అయితే మరీ త్వరగా. రేపు తప్పు తెలిసి సిమెంటు తీయాలంటే రాయి పగలక తప్పదు. ఎనామెల్ పెయింటు కూడా ఇదే తంతు: లోపలి తేమ బయటికి రాలేక రంగును తోస్తుంది, రంగు తనతో పాటు ముక్కు, కళ్లు పట్టుకుపోతుంది.

ఎక్కడైనా కట్టుడు తప్పనిసరి అయితే డంగు సున్నం వాడండి. సున్నం గుంతలో కనీసం రెండు మూడు వారాలు నానాలి, జల్లెడ పట్టాలి. ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక. తడి తగిలే చోట ఇసుకలో కొంత తీసేసి ఇటుక పొడి కలపండి. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తారు నిజమే, కానీ పాళ్లు నోటిమాటగా వేయకుండా ముందు నాలుగు ముద్దలు చేసి ఆరబెట్టి చూడండి. పగిలితే ఇసుక తక్కువైంది, గోరుతో రాలితే ఎక్కువైంది. మే నెలలో చేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది, వానాకాలంలో కొట్టుకుపోతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. పని అయ్యాక రెండు వారాలు తడి గోనె కప్పి ఉంచాలి. ఈ గోనె తడపడమే అందరూ మూడో రోజుకు మరిచేది.

రేకుల షెడ్డు వేస్తే చూరు రాయికి 3 అడుగులు దాటి బయటికి రావాలి, లేకపోతే చూరు నీళ్లు సరిగ్గా రాయి మొదట్లో పడి గుంత చేస్తాయి. నన్నడిగితే వేపచెట్టే చాలు. వేరు రాయిని తోస్తుందేమో ఏడాదికోసారి చూసుకోండి.

పూజ ఆపమనొద్దు. ఆ వీరగల్లు ఇన్నేళ్లు నిలిచింది పూజ వల్లే. నూనె రాయి మీద పోయకుండా ముందు 3 అడుగుల దూరంలో ఒక చిన్న బండ వేసి దీపం అక్కడ పెట్టమనండి, బొట్టు వేలితో ఒక్కటి. పూజారికో, బోనం ఎత్తే పెద్దమ్మకో ఈ మాట ముందు చెప్పి ఒప్పించాలి, బోర్డు రాసి కాదు.

---

పాలంపేట_బాట

పైసల సంగతి. 2021 జూలై 25న రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చింది. హనుమకొండ నుంచి వచ్చేవాళ్లు రామప్ప, లక్నవరం చెరువు, వానాకాలమైతే బొగత జలపాతం, అన్నీ ఒక్క రోజులో చుట్టేస్తారు. మీ శాసనం ఒక్కటే చూడడానికి ఆ కారు ఆగదు. ఆగినా 10 నిమిషాలు, ఒక చాయ్. ఊరికి డబ్బు వచ్చేది మనిషి ఊళ్లో ఉన్న సమయాన్ని బట్టి. రెండు గంటలుంటే భోజనం చేస్తాడు.

అందుకే రాయిని కాదు, చెరువును చూపించండి. తూము, శాసనం, కట్ట మీద నడక, మత్తడి (అలుగు), వీరగల్లు, చివర భోజనం. కిలోమీటరున్నర, గంటన్నర. రామప్ప గుడి కట్టించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడి కాలంలోనే పక్కన చెరువూ వచ్చింది. పాకాల, లక్నవరం, గణపురం చెరువులూ కాకతీయులవే. గుడి చూసొచ్చినవాడికి ఆ గుడిని పోషించిన నీళ్లు ఎట్లా పారేవో చూపేవాళ్లు ఎవరూ లేరు. నీరటి (చెరువు నీళ్లు వదిలి పంచే మనిషి) వృత్తి చేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయనే మీ గైడు. తూము ఎత్తడం, వంతులు పంచడం ఆయన చెప్పినట్టు గైడు కోర్సు చేసినవాడు చెప్పలేడు.

ఉదాహరణ లెక్క: 15 మంది, తలకు 250, మొత్తం 3,750. భోజనం తలకు 120 చొప్పున 1,800. ఇద్దరు గైడ్లకు 800. శుభ్రతకు 200. పంచాయతీకి 300. మిగిలేది 650, సంఘం ఖాతాకు. నెలకు రెండు గుంపులు వస్తే ఉద్యోగం కాదు, పక్క ఆదాయం. అంతకుమించి ఊరికి ఆశ పెట్టకండి. సర్వపిండి, పచ్చిపులుసు, జొన్న రొట్టె, చెరువు చేపల పులుసు చాలు. చేప మీ మత్స్య సంఘం దగ్గరే కొంటే ఆ 1,800లో కూడా చాలా భాగం ఊరు దాటదు.

ఎక్కడ చెడుతుందంటే, మొదట మరుగుదొడ్డి. అది లేకుండా ఆడవాళ్లు, బడి పిల్లలు రారు. రెండు, బయానా తీసుకోకుండా వండితే అన్నం పారేయడమే. ముందు రోజు సాయంత్రానికి సగం డబ్బు రావాలి. మూడు, వంట ఒకే సంఘానికి పోతే మూడో నెలలో కొట్లాట. వంతులు కాగితం మీద రాసుకోండి. నాలుగు, తూము దగ్గర బెంచీలు వేయొద్దు, రాత్రి సీసాలు అక్కడే తేలతాయి. బెంచీ కావాలంటే ఊరికి కనిపించే కట్ట మొదట్లో వేయండి. నీళ్లలోకి ఎవరినీ దిగనివ్వకండి. మేడారం జాతర రోజుల్లో మూసేయండి, ఆ రద్దీని మీ ఊరు మోయలేదు. ముందు బళ్లు, కాలేజీలతో మొదలుపెట్టండి, వాళ్లు తేదీ చెప్పి వస్తారు.

బోర్డు ఫ్లెక్సీ అయితే ఏడాదికి వెలుస్తుంది, ఇనుపరేకు పాతసామాన్ల కొట్టుకు పోతుంది. పేర్ల పలకలు చెక్కేవాళ్ల దగ్గర గ్రానైట్ మీద చెక్కించండి. 120 మాటలు మించొద్దు, పిల్లల కంటి ఎత్తుకు వాలుగా, ఫొటోకు అడ్డం రాకుండా పక్కన.

మీ 2 లక్షలకు నా అంచనా: మరుగుదొడ్డి బాగుకు 50,000, రాయి నిలబెట్టడానికి 35,000, రెండు పలకలకు 30,000, బొమ్మలు, అచ్చుకు 30,000, గైడ్ల శిక్షణకు 15,000. మిగతా 40,000 ముట్టుకోవద్దు. మొదటి వానాకాలం తర్వాత అవసరం పడుతుంది.

---

నకాషీ

ఆ ‘బొమ్మలు, అచ్చు’ 30,000 గురించి. రామప్ప మదనికల (గుడి చూరు కింది స్త్రీ శిల్పాల) కీచైన్లు చేయకండి, అవి అందరి దగ్గరా ఉన్నాయి.

వీరగల్లును ఒకసారి కింది నుంచి పైకి చూడండి. సాధారణంగా కింది గడిలో పోరు, నడిమి గడిలో వీరుణ్ని అప్సరసలు తీసుకుపోవడం, పై గడిలో కైలాసం. గడులు గడులుగా కథ చెప్పడం చేర్యాల పటం (గుడ్డ మీద గీసిన కథాచిత్రం) పద్ధతి కూడా. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం పటం మీద చెప్పినట్టే మీ చెరువు కథకూ ఒక పటం వేయించొచ్చు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పేస్టు, జిగురు కలిపి మూడు పూతలు వేసి ఆరబెట్టాలి, ఆ తర్వాతే గీత. తొందరపెట్టి పూత పచ్చిగా ఉండగా గీయిస్తే చుట్టినప్పుడు పగులుతుంది. 3 అడుగుల వెడల్పు, ఏడెనిమిది గడులు. నడక చివర భోజనానికి ముందు ఆ పటం విప్పి చెప్పాలి. చిత్రకారుడితో కాగితం రాసుకోండి: అచ్చు హక్కు ఎవరిది, పేరు ఎక్కడ పడాలి, కాపీకి ఎంత.

రాతిని చూసి కళ పుట్టడం మనకు కొత్త కాదు. రామప్ప శిల్పాల భంగిమలు, జాయప సేనాని రాసిన 13వ శతాబ్దపు నృత్త గ్రంథం ముందు పెట్టుకునే నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారు.

పిల్లలకు రాయి మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దే ఆట నేర్పకండి. ఫొటో ప్రింటు మీద సన్న కాగితం పెట్టి గీయించండి. రాయికి ప్లాస్టర్ అచ్చు వేయొద్దు, పొర ఊడుతుంది. త్రీడీ నమూనా నుంచి కుమ్మరి మట్టి అచ్చు చేసుకోవచ్చు. పాటిగడ్డ పెంకులు జ్ఞాపికలుగా అమ్మే ఆలోచన ఎవరికైనా వస్తే పైన ఫైలు_కదిలిందా గారి మాటలు చదివించండి.

---

కట్టమీది_వేప

అందరికీ మస్తు థాంక్స్. గ్రామసభల తీర్మానం పెడుతున్నం, గద్దె మాట పక్కకు పోయింది. ఒక్క చిక్కు మిగిలింది. ఆ బట్టల బండ లేపుతమంటే ఆడోళ్లు అడ్డం తిరిగిన్రు. ‘మరి మేమెక్కడ ఉతకాలె’ అంటున్రు.

---

డంగుసున్నం

న్యాయమే అడిగారు. ముందు వాళ్లకు ఇంకో బండ వేయండి, తర్వాతే పుల్లీ తెప్పించండి. గ్రానైట్ కోతల దగ్గర పనికిరాని ముక్కలు పడి ఉంటాయి, 4 అడుగులు, 2 అడుగులది ఒకటి అడగండి. పాలిష్ పట్టింది వద్దు, జారుతుంది. అదే నీళ్ల దగ్గర వేసి, నీళ్లు వీరగల్లు వైపు కాకుండా చెరువు దిగువకు పారేలా రెండు వేళ్ల వాలు ఇవ్వండి. ఎత్తు ఎంతుండాలో మీరు చెప్పకండి, వాళ్లనే నిలబడి చూపించమనండి.